పిప్పి లేని చక్కెర

దబ్బనమ్మ అసలు పేరు మిల్లులో ఎవరికీ తెలియదు. ఇంట్లో అత్తగారికి పెద్దకోడలు, మరిదికి వదిన, తోడికోడలికి అక్క. మొగుడు పోయిన ఏడాది చక్కెర మిల్లులో సంచుల మూతులు కుట్టే పనికి చేరింది. చేతిలో ఎప్పుడూ దబ్బనం, వేళ్ళకు చుట్టుకున్న పురికొస. అలా దబ్బనమ్మ అయింది. పక్కన కూర్చుని కుట్టే ఆవిడకు నోరు మూతపడదు కాబట్టి ఆవిడ గలగల అయింది.

"నీకూ నాకూ కలిపి దేవుడు ఒకటే నోరిచ్చాడే. అది నా వాటాకి వచ్చింది" అనేది గలగల.

దబ్బనమ్మ నవ్వి ఊరుకునేది. మొదటి నుంచీ ఆమెది తక్కువ మాట. మొగుడు పోయాక ఆ తక్కువలో కూడా సగం పోయింది. నలుగురి ముందు కన్నీరు పెట్టలేదని చుట్టాలు "రాతి మనిషి" అని చెవులు కొరుక్కున్నారు. వాళ్ళ నోళ్ళు మూయించింది అత్తగారే. "దానికి ఏడుపు రాక కాదు. అది ఏడిస్తే నన్ను పట్టుకునేవాళ్ళు ఉండరని ఆపుకుంటోంది. తాగిన గ్లాసులు అక్కడ పెట్టి ఇక మీరు బయలుదేరండి" అంది.

ఆ ఇంటికి ఉన్న ఆధారం చెరకు తోట. దబ్బనమ్మ మొగుడు తన చివరి ఏడాదిలో నాటినది. చెరకు ఒకసారి నాటితే, నరికిన మోళ్ళ నుంచి మరుసటి ఏడు మళ్ళీ లేస్తుంది. మనిషి పోయాడు, ఆయన నాటిన మోళ్ళు మాత్రం ఏటేటా లేస్తూనే ఉన్నాయి. సెలవు రోజున ఆమె ఎండుటాకు దూసే నెపంతో తోటలోకి వెళ్ళి, వరసల మధ్య కాసేపు ఊరికే కూర్చుని వచ్చేది. ఎవరూ అడిగేవారు కాదు.

ఆ సంవత్సరం పట్నాల్లో చక్కెర ప్రియమైందని జనం గోల పెట్టారు. ప్రభుత్వం బయటి దేశాల చక్కెర మీద వేసే సుంకాన్ని ఎత్తేసింది. అంతే, ఓడలు వచ్చాయి. సముద్రం అవతలి ప్రభుత్వాలు తమ రైతుల చేతిలో ఎదురు డబ్బు పెట్టి మరీ అమ్మిస్తాయట. అందువల్ల ఓడ కిరాయి కలుపుకున్నా ఆ చక్కెర ఇక్కడి చక్కెర కంటే చవక.

"వాళ్ళ ప్రభుత్వం వాళ్ళకి డబ్బు పెడుతోంది, మరి మనది మనకేం పెడుతోంది?" అని రైతు సంఘం అరుగు మీద ఎవరో అడిగారు.

"టోపీ" అన్నాడు సంఘం పెద్దాయన, ముఖం మీద నవ్వు లేకుండా.

ఓడల్లో వచ్చేది తెల్ల చక్కెర కాదు, మట్టి రంగు ముడి చక్కెర. లారీల్లో అది నేరుగా మిల్లుకే వచ్చేది. మిల్లులో దాన్ని కరిగించి, తెల్లబరిచి, చెరకు గడల బొమ్మ ఉన్న పాత సంచుల్లోనే నింపేవారు. దబ్బనమ్మ ఆ సంచుల మూతులు కుట్టేది. ఆ బొమ్మలోని చెరకుకీ లోపలి చక్కెరకీ ఏ సంబంధమూ లేదని తెలిసి కూడా కుట్టేది. తోటలో చెరకు మాత్రం నరికే దిక్కు లేక పూత వేసింది. పూత వేసిన చెరకు ఎక్కువ రోజులు నిలబడదు. నడుమ బెండు బారుతుంది, రసం తగ్గుతుంది, చివరికి అది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

మిల్లు మేనేజరు రైతులకు కబురు పంపాడు. ఇష్టమైనవాళ్ళకు నరుక్కోవడానికి పర్మిట్లు ఇస్తాం, ధర మాత్రం నిరుటి దాంట్లో సగం, ఓడ చక్కెర ధరకు మించి మేమూ ఇవ్వలేం అని.

ఆ రోజు అరుగు మీద కూర్చోవడానికి చోటు చాల్లేదు. సగం ధరకు నరికితే కోత కూలీ, ట్రాక్టరు బాడుగ పోను చేతికి మిగిలేది ఎండుటాకే. నరక్కపోతే అదీ లేదు. అప్పుడు పెద్దాయన ఒక మాట అన్నాడు.

"ఓడ మీద చక్కెర వస్తుంది గానీ పిప్పి రాదు కదరా. మిల్లు బాయిలర్లు మండేది పిప్పితోనే. చెరకు ఆడకపోతే వాళ్ళకి పిప్పి ఎక్కడిది? నిరుడు మిగిలిన కుప్ప కరిగిపోయేదాకా మనం ఎవరం కత్తి పట్టకుండా ఉంటే, వాళ్ళే మన గుమ్మం దగ్గరికి వస్తారు."

మాట బాగుంది. అందరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. కుప్ప ఎంత ఉందో చూసి చెప్పే పని దబ్బనమ్మకు తగిలింది. ఆమె కూర్చునే షెడ్డు కిటికీలోంచి పిప్పి కుప్ప కనబడుతుంది మరి. కొండలా ఉండే కుప్ప, నల్ల టార్పాలిన్ కప్పుకుని. మొదట్లో రోజుకు కొంచెం దిగుతూ వచ్చింది. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి మరిది గుమ్మంలోనే ఉండేవాడు.

"ఎంత ఉంది వదినా?"

"ప్రహరీ గోడకి పైన ఇంకా కొంచెం."

రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకూ అలాగే కనబడేది. ఊళ్ళో చిన్నాపెద్దా అందరి చూపూ ఆ గోడ మీదే. అయితే కుప్ప గోడ ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. మర్నాడు చూస్తే అంతే. ఆ మర్నాడూ అంతే. బాయిలర్లు మండుతున్నాయి, చిమ్నీలోంచి పొగ వస్తోంది, ఓడ చక్కెర కరుగుతోంది, కుప్ప మాత్రం తరగడం లేదు.

"అక్షయపాత్రేంటి అది?" అంది అత్తగారు ఒక పొద్దున. "ఇన్నేళ్ళ కాపురంలో నా పిండి డబ్బా ఒక్కనాడైనా అలా ఉందా!"

మరిది చెరకు కత్తులు తీసి సానరాయి మీద నూరుతున్నాడు. ఆ చప్పుడుకు దబ్బనమ్మ పళ్ళు జివ్వుమన్నాయి.

"రేపు పొద్దున కోత ముఠా వేరే ఊరు వెళ్ళిపోతుంది వదినా" అన్నాడు తల ఎత్తకుండా. "ఇవాళ సాయంత్రం సంఘంలో తేల్చేస్తారు, ఎవరి దారి వాళ్ళు చూసుకోమని. సగం ధరైతే సగం ధర. ఈ ఏటికి నరికేసి, మోళ్ళు పెకలించేసి నేల కౌలుకిచ్చేస్తా. నేను పట్నంలో ఏ బండో తోలుకుంటా."

"మోళ్ళు పెకలిస్తావా?"

"వాటిని ఉంచి ఏం చెయ్యమంటావు? చూసుకుంటూ కూర్చోమంటావా?"

అన్నాక వాడికే తెలిసింది ఏమన్నాడో. కత్తి పక్కన పెట్టాడు. తోడికోడలు లోపలి నుంచి మొగుణ్ణి గుడ్లురిమి చూసింది. దబ్బనమ్మ క్యారేజీ తీసుకుని పనికి వెళ్ళిపోయింది.

పొద్దుటంతా ఆమె కుట్టు సరిగ్గా పడలేదు. ఒకసారి దబ్బనం బొటనవేలిలో దిగింది. గలగల పురికొస ముక్కతో ఆ వేలికి కట్టు కడుతూ, "చూపు కిటికీలో, చెయ్యి సంచి మీద ఉంటే ఇంతే" అంది. "ఏముంది ఆ కుప్ప మీద? ఎవడైనా నిలబడి కన్ను కొడుతున్నాడా?"

దబ్బనమ్మ కుప్ప మీది పట్టనే చూస్తోంది. పొద్దుటి నుంచి గాలి వీస్తోంది. గాలికి టార్పాలిన్ లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తోంది. పిప్పి నిండుగా ఉంటే పట్ట అలా లోపలికి పోతుందా?

సంచులు కుట్టే షెడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. బయటికి పోయి వచ్చిన ఏ మనిషినైనా గుమ్మంలో ఆపి, మేస్త్రీ నెత్తి నుంచి పాదం దాకా బ్రష్‌తో దులుపుతాడు. చక్కెరలో నలకపడితే సరుకు వెనక్కి వస్తుంది. అన్నిటికన్నా పిప్పి నూగుకు భయపడతారు. అది గాలికి ఎగిరి బట్టకు పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. అందుకే షెడ్డు మనుషులు కుప్ప వైపు వెళ్ళకూడదు. వెళ్తే పని పోయినట్టే. ఈ దులపడం వల్లే ఆయనకు దులుపుడు మేస్త్రీ అని పేరు.

భోజనాల గంట కొట్టారు. పనిలో వేసుకునే తెల్లకోటు కొక్కేనికి తగిలించి దబ్బనమ్మ బయటికి నడిచింది. అందరూ కుళాయిల వైపు వెళ్ళారు. ఆమె క్యారేజీ చేతిలో పట్టుకుని, నీడ వెతుక్కుంటున్న మనిషిలా గోడ వారగా వెళ్ళింది. కుప్ప దగ్గర కాపలావాడు కుర్చీలో కూర్చుని తింటున్నాడు. వీపు ఇటువైపు ఉంది.

ముందు వైపు పిప్పి ఉంది, గోడ కట్టినట్టు. టార్పాలిన్ అంచు ఎత్తి ఆమె చెయ్యి లోపలికి దూర్చింది. మోచేతి దాకా పిప్పి. ఇంకా నెట్టింది, భుజం దాకా. వేళ్ళు గాల్లోకి వెళ్ళాయి. అటూ ఇటూ తడిమితే చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. గోటితో కొట్టి చూసింది. ఖాళీ డ్రమ్ము మోగినట్టు మోగింది.

కుప్ప లేదు. బాయిలర్ల వైపు నుంచి తవ్వుకుపోయి, రోడ్డు వైపు ఒక పొర మాత్రం ఉంచి, డ్రమ్ముల మీద పట్ట నిలబెట్టారు.

"ఎవరది?" కాపలావాడు కుర్చీ కదిపాడు.

ఆమె చెయ్యి లాగేసుకుని గోడ మలుపు తిరిగింది. పరిగెత్తలేదు. పరిగెత్తే మనిషినే కదా అందరూ చూసేది. మలుపు దాటాక చూసుకుంటే చీర మీద వేసుకున్న చొక్కా చేతి నిండా నూగు, జుట్టులో నూగు, మెడ మీద చెమటకు అంటుకుని నూగు. దులిపిన కొద్దీ అది ఇంకోచోట అంటుకుంటోంది. ఈలోగా గంట కొట్టేశారు.

గుమ్మంలో ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. దులుపుడు మేస్త్రీ ఒక్కొక్కరినీ తిప్పి తిప్పి దులుపుతున్నాడు. వెనక్కి పోదామంటే వెనక మనుషులు ఉన్నారు. ఇంకో ఇద్దరి తరవాత ఆమె వంతు. అప్పుడే ఆమె వెనక నిలబడ్డ గలగల ఆమె తల వైపు చూసింది. మెడ వైపు చూసింది. మరుక్షణం షెడ్డు అదిరేలా అరిచింది.

"ఓసి నీ తల తగలెయ్య! ఏంటే ఇన్ని పేలు!"

అంటూనే రెండు చేతులతో దబ్బనమ్మ జుట్టు, మెడ, భుజాలు టపటపా దులపసాగింది. "అయ్యో, మేస్త్రీ గారూ, మీరు దగ్గరికి రాకండి. ఇవి ఎగిరే రకం. మొన్న మా ఎదురింటావిడకి పట్టి మొగుడి మీసంలోకి కూడా పాకాయి."

మేస్త్రీకి మీసం అంటే ప్రాణం. బ్రష్ పట్టుకున్న చెయ్యి చాపి, మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఛీ, ఛీ. అటు పక్కకు తీసుకెళ్ళి దులుపు. తలగుడ్డ బిగించి కట్టుకోమను" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. నూగు నేల మీద రాలిపోయింది. తెల్లకోటు పైన పడింది.

లోపల సంచి ముందు కూర్చున్నాక గలగల గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం దబ్బనమ్మ అదే మొదటిసారి వినడం.

"కుప్ప దగ్గరికి ఎందుకు వెళ్ళావే?"

అబద్ధం చెప్పడానికి దబ్బనమ్మకు నోరు రాలేదు. ఉన్నది చెప్పింది. గలగల చేతిలో దబ్బనం ఆగిపోయింది.

"ఈ సంగతి మీవాళ్ళకి చెప్తావా?"

"చెప్పాలి."

"చెప్తే వాళ్ళు చెరకు నరకరు. ఈ నాలుగు గంపల పిప్పి అయిపోతే బాయిలరు ఆగిపోద్ది. ఓడ చక్కెర కరగదు. మరి ఈ సంచులు?" గలగల కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇదివరకు కోతల రోజుల్లోనే కదే మనకి పని. మిగతా కాలమంతా అడుక్కోవడం ఒకటే తక్కువ. ఈ ఓడలు వచ్చాకే వరసగా పొయ్యి వెలుగుతోంది. నీకు చేను ఉంది, గట్టు ఉంది, మరిది ఉన్నాడు. నాకెవరున్నారే? మంచంలో ఉన్న మా అమ్మ తప్ప?"

"నీకు ఎవరూ లేరని తెలుసు."

"తెలిసీ చెప్తావు."

దబ్బనమ్మ తల వంచుకుంది. "ఆ మోళ్ళు ఆయన నాటినవి" అంది. ఆయన మాట షెడ్డులో ఆమె ఎత్తడం కూడా అదే మొదటిసారి.

గలగల ఇంకేమీ అనలేదు. సాయంత్రం దాకా అనలేదు. మేస్త్రీ అటుగా వచ్చిన ప్రతిసారీ దబ్బనమ్మ సంచి మీదకు ఇంకా వంగింది. ఒకసారి ఆయన గలగల దగ్గర ఆగి, "ఏంటి, ఇవాళ రేడియో మోగట్లేదు?" అన్నాడు. గలగల తల ఎత్తింది. దబ్బనమ్మ పురికొస బిగించి పట్టుకుంది. ఒక్క మాట చాలు.

"పేలు కుట్టాయి, అందుకే" అంది గలగల. మళ్ళీ తల దించుకుంది.

ఆ సాయంత్రం సంఘం అరుగు దగ్గర ఎవరి మాట ఎవరికీ వినబడటం లేదు. కొందరి జేబుల్లో అప్పటికే పర్మిట్లు ఉన్నాయి. మరిది కూడా చేతులు కట్టుకుని ఆ పక్కనే నిలబడ్డాడు. దబ్బనమ్మ మనుషుల్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళింది.

"కుప్ప డొల్ల" అంది.

"ఏంటమ్మా?" పెద్దాయన వంగి విన్నాడు.

"కుప్ప డొల్ల. చెయ్యి పెట్టి చూశాను. లోపల ఖాళీ డ్రమ్ములు."

"ఆడవాళ్ళ చేతికి ఏది తగిలితే అది డ్రమ్మేనా?" అన్నాడు జేబులో పర్మిట్ ఉన్నవాడొకడు.

ఆమె చొక్కా చెయ్యి భుజం దాకా పైకి లాగింది. చర్మం ఎర్రగా గీరుకుపోయి ఉంది, మడతలో ఇంకా నూగు ఉంది. "నీ చెయ్యి నాకంటే పొడుగు. నువ్వే వెళ్ళి పెట్టి చూడు" అంది.

అరుగు మీద గోల ఆగిపోయింది. మరిది ముందుకు వచ్చి వదిన చొక్కా చెయ్యి కిందికి లాగి సర్దాడు. "మా తోటలో రేపు కత్తి దిగదు" అన్నాడు. కోత ముఠా పెద్దను బతిమాలి ఆపే పని తనే ఎత్తుకున్నాడు.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో ఆ ఇంట్లోవాళ్ళకే తెలుసు. పొద్దున లేవగానే అందరి కళ్ళూ చిమ్నీ మీద. పొగ పలచబడిందని ఒకరు, లేదు చిక్కగానే ఉందని ఒకరు. తోటలో పూత తెల్లబడి గాలికి రాలుతోంది. మరిది గడ విరిచి చూసి, నమిలి, ఊసి, మాట్లాడకుండా వచ్చేవాడు. మిల్లు కట్టెలు తెప్పించిందని ఒక పుకారు, రైతుల్లో ఒకడు దొంగచాటుగా నరికాడని ఇంకో పుకారు. తోడికోడలు ఒకరోజు ఆగలేక, "అక్కా, నిజంగా డ్రమ్మేనా?" అంది. దబ్బనమ్మ తన చెయ్యి వైపు చూసుకుంది. తనకే అనుమానం వచ్చింది.

చివరికి ఒక ఉదయం పొగ రాలేదు. మిల్లు చప్పుడు కూడా లేదు. ఏళ్ళ తరబడి చెవుల్లో ఉన్న చప్పుడు ఆగిపోయేసరికి అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, "ఏంటే, నాకు చెవుడు వచ్చిందా?" అంది.

మేనేజరు కారు సంఘం అరుగు ముందు ఆగింది. బేరం మధ్యాహ్నం దాకా సాగింది. నిరుటి ధర రాలేదు. సగం ధర అన్న మాట మాత్రం పోయింది. తోటలన్నీ ఆడించాకే ఓడ సరుకు ముట్టుకుంటామని మాట ఇచ్చాడు. వచ్చే ఏడు సంగతి? సుంకం ప్రభుత్వం చేతిలో ఉంది, ఓడలు ఎవరి చేతిలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. పెద్దాయన ఆ ప్రశ్న వేయనే లేదు. ఈ ఏడు గడిస్తే చాలన్నట్టు చెయ్యి కలిపాడు.

సంచుల షెడ్డు మళ్ళీ తెరిచిన రోజు దులుపుడు మేస్త్రీ గుమ్మంలో బ్రష్ లేకుండా నిలబడ్డాడు. అరుగు మీద ఎవరు చెయ్యి చూపించారో ఊరంతా చెప్పుకుంటున్నారు, ఆయన చెవినా పడింది. "పేలా?" అన్నాడు. "నా మీసం మీద హాస్యాలా?" ఇద్దరినీ లోపలికి రానివ్వలేదు. దబ్బనమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని, "దీనికేం తెలీదు బాబూ, నేనే వెళ్ళాను" అంది. ఆయన వినలేదు. గలగల వెనక్కి తిరిగి నడిచింది. దబ్బనమ్మ వెనకాలే వెళ్ళింది గానీ, ఏమని పిలవాలో తెలియక మధ్యలో ఆగిపోయింది.

తోటలో కోత మొదలైంది. త్వరగా తెమలాలని మరిది ముఠాను రెండు జట్లు చేశాడు. మనుషులు చాలక ఊళ్ళో కబురు పెట్టాడు. ఆ కబురు విని వచ్చినవాళ్ళలో గలగల కూడా ఉంది. పాత కత్తి ఒకటి ఎవరిదో అడిగి తెచ్చుకుంది. దబ్బనమ్మ ఉన్న వైపు చూడలేదు. వరస చివర నిలబడి, నడుం వంచి, మోడు నేలకు అంటేలా ఒక్కొక్క గడా నరకసాగింది. అలవాటు లేని చెయ్యి. రెండో దెబ్బకు గాని గడ తెగడం లేదు.

"అక్కా, నీళ్ళు ఇచ్చి రానా ఆవిడకి?" అంది తోడికోడలు.

"నేను వెళ్తా."

దబ్బనమ్మ నీళ్ళ చెంబు పట్టుకెళ్ళి వరస గట్టున పెట్టింది. గలగల తాగలేదు. దబ్బనమ్మ అక్కడి నుంచి కదల్లేదు కూడా. గలగల నరికి పడేసిన గడల్ని ఏరి, ఆకు దూసి, కట్టలు కట్టడం మొదలుపెట్టింది. ఒకరు ముందు, ఒకరు వెనక. ఎండ నెత్తి మీదకు వచ్చింది. ఎండుటాకు ఇద్దరి చేతులూ కోసింది. ట్రాక్టరు గట్టు దగ్గరికి వచ్చి నిలబడింది, మరిది పై నుంచి త్వరగా అని కేక వేశాడు.

దబ్బనమ్మ తొందరలో ఒక కట్ట ఎత్తబోతే ముడి జారి గడలు కింద పడ్డాయి. గలగల కత్తి ఆపి వెనక్కి తిరిగింది.

"గట్టిగా కట్టు" అంది చివరికి. "దారిలో జారిపోతే కొత్తగా వచ్చింది ఎవతో అని నన్ను తిడతారు."

దబ్బనమ్మ కూర్చుని మళ్ళీ కట్టింది. చెంబు చాపితే ఈసారి గలగల అందుకుంది.